పందులలో మెదడుపొరల వాపు - బాక్టీరియా మెదడును చేరే తీరు

పందుల ప్రస్తావన రాగానే మన రాష్ట్రంలో మెదడువాపు వ్యాధి గుర్తుకు వస్తుంది. జపనీస్ ఎన్‌సెఫలైటిస్‌గా పిలిచే ఆ వ్యాధికి కారణం వైరస్. అది పంది శరీరంలో వృద్ధి చెంది, క్యూలెక్స్ దోమకాటు ద్వారా మనిషికి సోకుతుంది. స్ట్రెప్టోకాకస్ సుయిస్ అనే బాక్టీరియా తీరు ఇందుకు భిన్నమైనది. ఇది పందుల మెదడుపొరలకు వాపు కలిగించడమే గాక, దోమతో నిమిత్తం లేకుండా మనిషికి నేరుగా సోకగలదు. రెండింటి నివారణ మార్గాలు వేరు కనుక ఈ తేడాను గుర్తించవలసి ఉన్నది.

ఈ బాక్టీరియా ఆరోగ్యంగా కనిపించే పందుల టాన్సిల్స్‌లో సైతం నివసిస్తుంది. ఈనే సమయంలోను, పాలు త్రాగే దశలోను తల్లి నుండి పిల్లలకు సంక్రమిస్తుంది. పాలు మాన్పించిన తరువాత తల్లి నుండి లభించిన రక్షణ తగ్గుతుంది. ఆ దశలో ఇరుకు పాకలు, గాలి ప్రసరణ లోపం తోడైతే బాక్టీరియా రక్తంలో ప్రవేశించే అవకాశం పెరుగుతుంది.

రక్తంలోని తెల్లకణాలు దానిని సులభంగా మ్రింగలేవు. దాని చుట్టూ ఉన్న చక్కెర పదార్థపు తొడుగే ఇందుకు కారణం. రక్తానికి, మెదడుకు మధ్య దగ్గరగా అల్లుకొన్న కణాల అడ్డుగోడ ఉంటుంది. బాక్టీరియా విడుదల చేసే సుయిలైసిన్ అనే విషపదార్థం, దానికి తోడైన వాపు ఆ గోడను బలహీనపరుస్తాయి. మెదడు ద్రవం తయారయ్యే కోరాయిడ్ ప్లెక్సస్ కూడా ఒక ప్రవేశమార్గమే. ద్రవంలో చేరిన బాక్టీరియా వృద్ధి చెంది మెదడుపొరలు వాచిపోతాయి. పంది జ్వరంతో తూలుతుంది. ప్రక్కకు పడి కాళ్లు కొట్టుకొంటుంది. కొన్ని గంటలలోనే మరణించవచ్చును. తొలిదశలో పశువైద్యుని ద్వారా పెన్సిలిన్ తరగతి మందులు ఇప్పించిన యెడల బ్రతికే అవకాశం ఉన్నది.

మనుషులలో ఈ వ్యాధి తొలిసారిగా 1968లో డెన్మార్క్‌లో నమోదైనది. 2005లో చైనాలోని సిచువాన్ రాష్ట్రంలో 200 మందికి పైగా సోకగా, 30 మందికి పైగా మరణించారు. బాధితులలో అత్యధికులు జబ్బుపడిన లేదా చనిపోయిన పందులను కోసినవారే. చేతిపై చిన్న గాయం సైతం బాక్టీరియాకు ద్వారమవుతుంది. కోలుకొన్నవారిలో పలువురికి వినికిడి శాశ్వతంగా పోతుంది.

దోమల మందు పిచికారీ గాని, మెదడువాపు టీకా గాని ఈ బాక్టీరియాను ఆపలేవు. కావున చనిపోయిన పందులను కోయరాదు, తినరాదు, లోతుగా పూడ్చివేయాలి. పెంపకందారులు, మాంసం కోసేవారు చేతితొడుగులు ధరించాలి. మాంసాన్ని పూర్తిగా ఉడికించాలి. జ్వరం, తలనొప్పి, మెడ బిగుసుకొనుట కనిపించినచో పందులతో తమకున్న సంబంధాన్ని వైద్యునికి తప్పక తెలియజేయాలి.