ఆదివారం తర్వాత సోమవారమే ఎందుకు?

కాలిఫోర్నియా వంటి రాష్ట్రాల్లో మన పిల్లలు ఆరో గ్రేడులో మెసొపొటేమియా, ఈజిప్టు, గ్రీసు, భారతదేశం గురించి చదువుకుంటారు. పరీక్ష అయిపోగానే మర్చిపోతారు. ఆ నాగరికతలు మన ఇంట్లోనే ఉన్నాయని చూపించడానికి గోడ మీది కేలెండర్ చాలు.

ముందు వారాల పేర్లు రెండు భాషల్లోనూ పక్కపక్కనే రాయించండి. సండే సూర్యుడిది, ఆదివారం ఆదిత్యుడిది. మండే, సోమవారం రెండూ చంద్రుడివే. సాటర్‌డే శనిది. మిగతా నాలుగింటిలో కుజ, బుధ, గురు, శుక్రుల స్థానంలో ఇంగ్లీషువాళ్ళు తమ పాత దేవతలు టీవ్, వోడెన్, థోర్, ఫ్రిగ్‌లను పెట్టుకున్నారు.

మరి ఈ వరసే ఎందుకు? ఇది పిల్లలు వేళ్ళమీద చేయగల లెక్క. నెమ్మదిగా కదిలేదానితో మొదలుపెట్టి ప్రాచీనులు చెప్పిన ఏడు గ్రహాల వరస: శని, గురు, కుజ, సూర్య, శుక్ర, బుధ, చంద్ర. గంటకొక గ్రహం అధిపతి. మొదటి గంట అధిపతి పేరే ఆ రోజుకి పేరు. 24ని 7తో భాగిస్తే శేషం 3. అంటే మర్నాటి మొదటి గంటకి మూడు స్థానాలు ముందుకి జరగాలి. శని నుంచి మూడు లెక్కపెడితే సూర్యుడు, అక్కడినుంచి మూడు చంద్రుడు, తర్వాత కుజుడు. వారం మొత్తం వచ్చేస్తుంది! మన సాఫ్ట్‌వేర్ భాషలో మాడ్యులో ఆపరేషన్ అన్నమాట.

గ్రహాల కదలికలను శతాబ్దాల పాటు రాసిపెట్టింది బాబిలోనియా. రోజుని 24 భాగాలు చేసింది ఈజిప్టు. వాటిని కలిపి ఈ పద్ధతిని తీర్చింది గ్రీకు జ్యోతిష్కులు. క్రీస్తుశకం తొలి శతాబ్దాల్లో అది భారతదేశం చేరింది. మధ్యప్రదేశ్‌లోని ఎరాన్‌లో క్రీ.శ. 484 నాటి శాసనంలో గురువారం ప్రస్తావన ఉంది. మన పంచాంగంలోని ‘హోర’, ఇంగ్లీషు ‘అవర్’ రెండూ ఒకే గ్రీకు మాట నుంచి వచ్చినవే.

మరి మనం ఇచ్చిందేమిటి? అదే కేలెండర్‌లో పేరు కింద ఉన్న అంకె! స్థానాన్ని బట్టి విలువ మారే పది అంకెల పద్ధతి మనది. సున్నాతో లెక్కలు చేసే నియమాలను బ్రహ్మగుప్తుడు క్రీ.శ. 628లో రాశాడు. అరబ్బుల ద్వారా ఆ అంకెలు యూరప్ చేరాయి. 1202లో ఫిబొనాచీ తన పుస్తకంలో వాటిని భారతీయుల అంకెలనే పరిచయం చేశాడు.

“అన్నీ మనవాళ్ళే కనిపెట్టారు” అని చెప్తే పిల్లలు ఇంటర్నెట్లో రెండు నిమిషాల్లో సరిచూసుకుంటారు. ఆ తర్వాత సున్నా గురించి మనం చెప్పిన నిజాన్ని కూడా నమ్మరు. ఎవరి దగ్గర ఏం తీసుకున్నామో, ఎవరికి ఏం ఇచ్చామో రెండూ చెప్పండి. ఈ శనివారం కాగితం, పెన్సిలు ఇచ్చి ఆ ఏడు పేర్లూ వాళ్ళచేతే లెక్కకట్టించండి.