రెండు సీట్ల ఓపెన్ కారు రోజూ ఆఫీసుకి పనికొస్తుందా? మజ్దా మియాటాతో మూడేళ్ళ లెక్క

ఈ ఎపిసోడ్ మొత్తం ఒక్క ప్రశ్న మీదే. "అన్నా, మియాటా కొందామనుకుంటున్నాను. రోజూ నడపొచ్చా, లేక వీకెండ్‌లో తిప్పి మళ్ళీ కవర్ కప్పేసుకునే బండేనా?" అమెరికాలో ఉన్న మన కుర్రాళ్ళు చాలామంది అడుగుతున్నారు. అడిగేవాళ్ళలో ఎక్కువమందికి అదే మొదటి కారు, అదే ఉన్న ఒక్క కారు కాబోతోంది. అందుకే "సూపర్ బండి, కొనేయ్" అని ఒక్క మాటలో తేల్చేయడం నాకిష్టం లేదు.

నేనుండేది డాలస్ పక్కన ఫ్రిస్కోలో. 2019 మోడల్ మియాటా, మాన్యువల్ గేర్లు, బట్ట టాప్. మూడేళ్ళుగా రోజూ అదే. సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో ఉన్నప్పుడు ప్లేనోలో ఆఫీసుకి, ఇప్పుడు షూటింగులకి, కూరగాయలకి, అన్నిటికీ.

అసలు ఈ కారు ఎందుకు పుట్టింది?

1960లలో బ్రిటన్‌లో లోటస్ ఎలాన్, ఎంజీ లాంటి చిన్న ఓపెన్ కార్లు ఉండేవి. నడపడానికి హాయిగా ఉండేవి కానీ, రిపేర్లు ఎక్కువ. 1980 వచ్చేసరికి దాదాపు అన్నీ కనుమరుగయ్యాయి. 1979లో బాబ్ హాల్ అనే అమెరికన్ ఆటో జర్నలిస్టు, మజ్దాలో పెద్ద ఇంజినీరు కెనిచి యమమోటోతో ఒక మాట అన్నాడు: అలాంటి తేలికైన, చవకైన రోడ్‌స్టర్ ఇప్పుడు ఎవరూ చేయడం లేదు, మీరు చేయండి అని. ఆ హాల్ తర్వాత మజ్దాలోనే చేరాడు. పదేళ్ళకి, 1989 ఫిబ్రవరిలో చికాగో ఆటో షోలో మియాటా బయటికొచ్చింది. 2016 ఏప్రిల్‌కి పది లక్షల కార్లు తయారయ్యాయి. అంటే ఇదేదో కోటీశ్వరుల గ్యారేజీలో అలంకారం కాదు. రోజూ స్టార్ట్ అయ్యే ఓపెన్ కారు కావాలనే ఆలోచనతోనే పుట్టింది.

తేలిక అంటే ఏమొస్తుంది?

ఇప్పటి నాలుగో తరం మియాటా బరువు సుమారు 1,060 కిలోలు. 2019 నుంచి 2 లీటర్ల ఇంజిన్ 181 హార్స్‌పవర్ ఇస్తుంది. అదే ఏడాది టయోటా క్యామ్రీ నాలుగు సిలిండర్ల మోడల్‌కి 203 హార్స్‌పవర్, బరువు సుమారు 1,500 కిలోలు. కాగితం మీద క్యామ్రీదే పెద్ద ఇంజిన్. కానీ ఒక్కో టన్నుకి లెక్కేస్తే క్యామ్రీకి 135, మియాటాకి 170. మోసే బరువు తక్కువ, అంతే.

అసలు మజా ఇంకోటుంది. బరువు తగ్గితే చిన్న ఇంజిన్ సరిపోతుంది. చిన్న ఇంజిన్‌ని, తక్కువ బరువుని ఆపడానికి చిన్న బ్రేకులు చాలు. చిన్న బ్రేకులకి చిన్న చక్రాలు చాలు. దాంతో బరువు ఇంకా తగ్గుతుంది. కోడ్ రాసేవాళ్ళకి ఇది వెంటనే ఎక్కుతుంది: ఒక అనవసరమైన లైబ్రరీ పీకేస్తే, దాన్ని పట్టుకుని వేలాడే ఇంకో పది కూడా పోతాయి కదా, అదన్నమాట. మజ్దా బానెట్, డిక్కీ తలుపు, ముందు ఫెండర్లు అల్యూమినియంతో చేసింది. మామూలు గ్లవ్ బాక్స్ కూడా తీసేసి, రెండు సీట్ల మధ్య వెనకాల చిన్న అర పెట్టింది. స్టెప్నీ లేదు, పంక్చర్ కిట్ ఒకటి ఇస్తారంతే.

దీనివల్ల నా జేబుకి ఒరిగింది ఏంటి? గ్యాలన్‌కి సిటీలో 26, హైవేలో 34 మైళ్ళు అధికారిక మైలేజీ. కలిపి 29, మన లెక్కలో లీటరుకి 12 కిలోమీటర్ల పైన. టైర్లు 17 అంగుళాలవి, పెద్ద ఎస్‌యూవీ టైర్ల ధర చూసినవాళ్ళకి ఇవి చవకే. స్పోర్ట్స్ కారు కదా అని ఖర్చుకి భయపడక్కర్లేదు. కాకపోతే ఇన్సూరెన్స్ మీ వయసు, ఊరు, డ్రైవింగ్ చరిత్రని బట్టి మారుతుంది. కొనకముందే కొటేషన్ తీసుకోండి, కొన్నాక కాదు.

రోజూ వాడితే ఎదురయ్యేవి

ఒకటి, ఎండ. జూలైలో డాలస్‌లో 40 డిగ్రీలు. మధ్యాహ్నం టాప్ తీసి సిగ్నల్ దగ్గర ఆగితే నెత్తిమీద పెనం పెట్టినట్టు ఉంటుంది. టాప్ తీసేది పొద్దున ఎనిమిది లోపు, సాయంత్రం ఏడు తర్వాత. టెక్సాస్‌లో ఓపెన్ కారుకి అసలు సీజన్ అక్టోబర్ నుంచి ఏప్రిల్ దాకా. ఒక సుఖం ఏంటంటే, సీట్లో కూర్చునే ఒక చేత్తో టాప్ తీయొచ్చు, వేయొచ్చు. మోటార్లేమీ లేవు, పాడవడానికి.

రెండు, వాన, వడగళ్ళు. టాప్ గట్టిగా ఉన్నంతకాలం వాన లోపలికి రాదు. కానీ టాప్ వెనక నీళ్ళు పోయే సన్న గొట్టాలు ఉంటాయి. చెట్టు కింద పార్క్ చేస్తే ఆకులు, మట్టి చేరి అవి మూసుకుపోతాయి. అప్పుడు నీళ్ళు కారు లోపలికి దిగి, తెలియకుండానే తుప్పు పడుతుంది. పాత మియాటా చూడటానికి వెళ్తే ముందు ఇదే చూడండి. తడిసిన టాప్‌ని మడిచి పెట్టకండి, బూజు పడుతుంది. ఇక వసంతంలో ఇక్కడ పడే వడగళ్ళకి ఆ పల్చటి అల్యూమినియం బానెట్ ఆగదు. మీ అపార్ట్‌మెంట్‌లో కవర్డ్ పార్కింగ్ లేకపోతే ఇంకోసారి ఆలోచించండి.

మూడు, చలి. కొన్ని మోడళ్ళకి కంపెనీ నుంచే సమ్మర్ టైర్లు వస్తాయి. సుమారు 7 డిగ్రీల కిందకి వెళ్తే ఆ రబ్బరు గట్టిపడి పట్టు పోతుంది. రోజూ వాడేవాళ్ళు ఆల్ సీజన్ టైర్లు వేయించుకోండి.

నాలుగు, చప్పుడు. హైవే మీద 70 మైళ్ళ వేగంలో టాప్ మూసినా సెడాన్ అంత నిశ్శబ్దం ఉండదు. టాప్ తీసి స్టాండప్ కాల్‌లో మాట్లాడితే అవతలివాళ్ళకి తుఫాను వార్తలు విన్నట్టే ఉంటుంది. గంటల తరబడి ప్రయాణమైతే టాప్ వేసుకోండి, చెవులు మళ్ళీ కొనుక్కోలేం.

ఐదు, లగేజీ. డిక్కీ సుమారు 130 లీటర్లు. రెండు క్యాబిన్ బ్యాగులు పడతాయి. 20 పౌండ్ల సోనా మసూరి బస్తా, ఒక వారం కూరగాయలు పడతాయి. కానీ ఇండియా నుంచి వచ్చే 23 కిలోల పెద్ద సూట్‌కేసు పట్టదు. ఇంకోమాట, కారులో ఏమీ వదిలేయకండి. కోసిన టాప్ మార్పించే ఖర్చు, పోయిన బ్యాగు ఖరీదు కన్నా ఎక్కువ.

భయపడాల్సిన విషయం ఒకటుంది

ఈ కారు ఎత్తు నాలుగడుగులకి కాస్తే ఎక్కువ. టెక్సాస్ రోడ్లన్నీ పికప్ ట్రక్కులు. పక్కన పికప్ ఆగితే దాని బానెట్ నా తల దగ్గర ఉంటుంది. ఆ డ్రైవర్‌కి నేను కనపడకపోవచ్చు. 2015లో యూరో ఎన్‌క్యాప్ పరీక్షలో దీనికి 4 స్టార్లు వచ్చాయి, సీట్ల వెనక రోల్ బార్లు ఉన్నాయి, నిజమే. కానీ రెండున్నర టన్నుల బండి ఒక టన్ను బండిని గుద్దితే, ఎక్కువ దెబ్బ తేలికైనదానికే. ఇది ఫిజిక్స్, బ్రాండ్‌తో సంబంధం లేదు. అందుకే ట్రక్కుల పక్కనే నిలబడిపోను. ముందుకైనా వెళ్తాను, వెనక్కైనా తగ్గుతాను. పగలు కూడా లైట్లు వేసుకుంటాను. "ఎదుటివాడు నన్ను చూడలేదు" అనుకునే నడుపుతాను. ఇండియాలో బైకు నడిపినవాళ్ళకి ఈ అలవాటు కొత్త కాదు.

కారు బాగుంది సరే, ఇంట్లోవాళ్ళో?

అమ్మానాన్న తెనాలి నుంచి వచ్చి ఆరు నెలలు మాతో ఉన్నారు. అమ్మకి మోకాళ్ళ నొప్పులు. ఒక్కసారి మియాటాలో గుడికి తీసుకెళ్ళాను. దిగేటప్పుడు రెండు చేతులూ పట్టి లేపాల్సి వచ్చింది. నాన్న ఇంట్లోనే ఉండిపోయారు, మూడో సీటు లేదు కాబట్టి. "బండి బాగుందిరా, కానీ మనుషులు పట్టరు" అంది అమ్మ. రివ్యూ అంటే అదీ. మా ఆవిడ కరోలా ఉండబట్టి ఆ ఆరు నెలలు గడిచాయి.

నవంబర్‌లో మాకు బిడ్డ పుట్టబోతోంది. పసిపిల్లల సీటు వెనక్కి తిప్పి పెట్టాలి. పనిచేసే ఎయిర్‌బ్యాగ్ ముందు అలాంటి సీటు పెట్టడం ప్రాణాల మీదకి తెస్తుంది. మియాటాలో వెనక సీటే లేదు. కాబట్టి బిడ్డ ఈ కారు ఎక్కదు, దీనిమీద ఇంట్లో చర్చ కూడా లేదు. డేకేర్‌లో దింపే వంతు నాదైన రోజు కార్లు మార్చుకుంటాం. వారంలో నాలుగు రోజులు మార్చుకోవాల్సి వస్తే, అప్పుడు మియాటా అమ్మేస్తాను. బాధగానే ఉంటుంది. కానీ వాడని కారుకి ఇన్సూరెన్స్ కట్టడం నాకు రాదు.

మరి ఇండియాలో?

మజ్దా ఇండియాలో కార్లు అమ్మడం లేదు. ఎలాగోలా తెచ్చుకున్నా, దీని గ్రౌండ్ క్లియరెన్స్ సుమారు 135 మిల్లీమీటర్లు. మారుతి స్విఫ్ట్‌కి 163. మన ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ లెక్క ప్రకారం స్పీడ్ బ్రేకర్ ఎత్తు 10 సెంటీమీటర్లు ఉండాలి, అదీ వెడల్పుగా, వాలుగా. మన కాలనీల్లో రాత్రికి రాత్రి పోసే సిమెంటు దిమ్మలు ఆ లెక్క చూస్తాయా? మీకే తెలుసు.

చివరిగా, కొనే ముందు నాలుగు ప్రశ్నలు వేసుకోండి. ఇంట్లో ఇంకో కారు ఉందా? కప్పు ఉన్న పార్కింగ్ ఉందా? వచ్చే రెండేళ్ళలో పెద్దవాళ్ళో పిల్లలో మీ ఇంటికి రాబోతున్నారా? రోజూ పోయే దారిలో ట్రక్కుల హైవే ఎంతసేపు? మొదటి రెండిటికి అవును అని, మూడోదానికి ఇప్పుడే కాదు అని జవాబొచ్చి, నాలుగోది పదిహేను, ఇరవై నిమిషాల్లోపు అయితే, ధైర్యంగా రోజూ నడపండి. పెళ్ళి కాక ముందు, బాధ్యతలు తక్కువున్న నాలుగేళ్ళలో ఇంతకన్నా సంతోషంగా ఆఫీసుకి తీసుకెళ్ళే బండి నాకు తెలియదు. జవాబులు అటూ ఇటూ అయితే మాత్రం ఒక వారం అద్దెకి తీసుకుని చూడండి. ఆ వారంలోనే ఒకసారి బియ్యం బస్తా తెచ్చుకోండి, ఒకసారి అమ్మని ఎక్కించండి. మిగతాది బండే చెప్తుంది.

మీ ఊళ్ళో, మీ ఇంట్లో పరిస్థితి ఏంటో రాయండి. వచ్చే ఎపిసోడ్‌లో పాత మియాటా కొనేటప్పుడు కింద పడుకుని ఏమేం చూడాలో చెప్తాను. ఉంటాను మరి.