అభివృద్ధి సాయం: అపోహలు – వాస్తవాలు

పేద, మధ్యాదాయ దేశాల అభివృద్ధి చర్చ సాయం, వాతావరణ నిధులు, వాణిజ్యం, శాంతి స్థాపన చుట్టూ తిరుగుతుంది. ఈ నాలుగింటా బలంగా నాటుకున్న అపోహలున్నాయి.

అపోహ: ఈ దేశాలకు బయటి నుంచి వచ్చే సొమ్ములో సింహభాగం విదేశీ సాయమే.

వాస్తవం: 2023లో దాత దేశాల అధికారిక సాయం సుమారు 22,300 కోట్ల డాలర్లు. అదే ఏడాది ప్రపంచ బ్యాంకు అంచనా ప్రకారం ఈ దేశాల వలస కార్మికులు ఇళ్లకు పంపిన సొమ్ము సుమారు 65,600 కోట్ల డాలర్లు. నిజామాబాద్, కరీంనగర్ పల్లెలకు గల్ఫ్ నుంచి వచ్చే డబ్బూ ఈ కోవలోదే. సంపన్న దేశాలు జాతీయాదాయంలో 0.7 శాతం సాయంగా ఇవ్వాలని ఐక్యరాజ్యసమితి 1970లోనే లక్ష్యం పెట్టింది. 2023లో దాన్ని అందుకున్నవి నార్వే, స్వీడన్, డెన్మార్క్, లక్సెంబర్గ్, జర్మనీ మాత్రమే.

అపోహ: వాతావరణ నిధులు ధనిక దేశాలు చేసే దానం.

వాస్తవం: ఈ నిధులు సమకూర్చడం 1992 వాతావరణ ఒడంబడిక ప్రకారం సంపన్న దేశాల బాధ్యత. 2020 నాటికి ఏటా 10,000 కోట్ల డాలర్లు సమకూరుస్తామని 2009లో కోపెన్‌హాగన్‌లో అవి మాటిచ్చాయి. సంపన్న దేశాల ఆర్థిక సహకార సంస్థ ఓఈసీడీ లెక్కల్లో ఈ నిధులు ఆ మొత్తాన్ని తొలిసారి 2022లో దాటాయి. అందులోని ప్రభుత్వ నిధుల్లో దాదాపు 70 శాతం రుణాలే. తుపానుకు దెబ్బతిన్న దేశం అప్పు తెచ్చి కరకట్ట కడితే ఆ బాకీ కూడా తనే తీర్చుకోవాలి. 2035 నాటికి ఏటా 30,000 కోట్ల డాలర్లన్నది 2024లో బాకూలో కుదిరిన కొత్త లక్ష్యం.

అపోహ: దిగుమతి సుంకం ఎత్తేస్తే చాలు, పేద దేశాల ఎగుమతులు వాటంతటవే పెరుగుతాయి.

వాస్తవం: అత్యంత వెనుకబడిన దేశాల నుంచి ఆయుధాలు తప్ప అన్ని సరుకులకూ యూరోపియన్ యూనియన్ 2001లో తలుపులు తెరిచింది. అయితే దుస్తులకు బట్ట నేత, కుట్టు రెండూ అక్కడే జరగాలన్న మెలిక ఉండేది. చైనా బట్టతో ఢాకాలో కుట్టిన చొక్కాకు సుంకం మినహాయింపు దక్కేది కాదు. 2011 నుంచి కుట్టు ఒక్కటి అక్కడ జరిగితే చాలన్నారు. బంగ్లాదేశ్ దుస్తుల పరిశ్రమకు అది బాగా కలిసొచ్చింది.

అపోహ: ఒప్పందంపై సంతకాలు పడితే శాంతి వచ్చినట్టే.

వాస్తవం: లైబీరియా అంతర్యుద్ధం 2003 ఒప్పందంతో ముగిసింది. ఐక్యరాజ్యసమితి బలగాలు మాత్రం 2018 దాకా అక్కడే ఉన్నాయి. లక్ష మందికి పైగా పోరాటకారుల చేత ఆయుధాలు వదిలించడం, కొత్త పోలీసు వ్యవస్థను నిలబెట్టడం, ఎన్నికలు జరపడం ఈ మధ్యకాలపు పనులే. భారత మహిళా పోలీసు దళం 2007 నుంచి 2016 వరకు రాజధాని మన్రోవియాలో పనిచేసింది. 2018 జనవరిలో ఎలెన్ జాన్సన్ సర్లీఫ్ అధ్యక్ష పదవిని జార్జ్ వేయాకు అప్పగించారు. ఎన్నికైన నేత నుంచి ఎన్నికైన నేతకు అధికారం ప్రశాంతంగా మారడం ఆ దేశంలో 1944 తర్వాత అదే మొదటిసారి.