ముల్లు చూసుకో: చేపల పులుసు, కొంచెం కెమిస్ట్రీ, మా ఇంటి కథ

ఈరోజు ల్యాప్‌టాప్ పక్కన పెట్టేసి సట్టి పట్టుకున్నా. టాపిక్ చేపల పులుసు. నవ్వకండి, ఇందులో కెమిస్ట్రీ ఉంది, మా ఇంటి గొడవ కూడా ఉంది.

మాది కడప జిల్లా కమలాపురం, పాపాఘ్ని ఒడ్డున ఉంటుంది. పాపాఘ్ని పోయి పెన్నలో కలుస్తుంది, పెన్న నెల్లూరు దాటి సముద్రంలో కలుస్తుంది. మా ఏటి నీళ్లకు సముద్రం దాకా దారి ఉంది. సముద్రం చేప మాత్రం మా దాకా రావాలంటే ఐస్ పెట్టెలో 150 కిలోమీటర్లకు పైనే ప్రయాణం చేయాలి. మా అవ్వకు సముద్రం అంటే సంతలో దొరికే ఎండు చేపలు, ఎండు రొయ్యలే. అందుకే మా ఇంట్లో పచ్చి చేపలు వండుతున్నారంటే, ఎవరో పనిగట్టుకుని పోయి తెచ్చారని అర్థం.

నేను బెంగళూరులో సాఫ్ట్‌వేర్ జాబ్ మానేసి, వీడియోలు చేస్తానని ఇంటికి వచ్చినప్పుడు మా నాయన మూడు వారాలు నాతో మాట్లాడలేదు. నా బీటెక్ ఫీజుల కోసం ఎన్ని చెనక్కాయల మూటలు అమ్మాడో ఆయనకు లెక్క ఉంది మరి. ఏదైనా ఉంటే అమ్మతో "వానికి చెప్పు" అనేవాడు. అట్లాంటిది ఒక ఆదివారం పొద్దున్నే బైక్ మీద కడపకు పోయాడు, వంజరం కోసం. నాకు ఇష్టమని. దొరకలేదు. అది మే నెల. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరబోట్ల వేట బంద్, చేపలు గుడ్లు పెట్టే కాలమని. దాంతో చెరువు చేప శీలావతి తెచ్చాడు.

చేప కడగడమే సగం పని. ఉప్పు, పసుపు, నిమ్మరసం పట్టించి అమ్మ మూడుసార్లు కడుగుతుంది. ఎందుకంటే, సముద్రం చేప కండలో ట్రైమిథైలమైన్ ఆక్సైడ్ ఉంటుంది. చేప చచ్చాక బ్యాక్టీరియా దాన్ని ట్రైమిథైలమైన్‌గా మారుస్తుంది. నీచు వాసన అదే. పులుపు తగిలితే అది లవణంగా మారిపోయి గాల్లోకి లేవదు. చెరువు చేప కథ వేరు. దాని మట్టి వాసన జియోస్మిన్‌ది. తొలకరి వానకు నేల వాసన వస్తుంది చూడండి, అందులోనూ ఇదే ఉంటుంది. వానలో వస్తే ప్రాణం లేచొస్తుంది, కంచంలో వస్తే వద్దంటాం! ఇది కూడా పులుపుకే లొంగుతుంది. చింతపండు రుచికి మాత్రమే కాదన్నమాట.

ఇంకోటి, ముక్కలు వేశాక గరిటె పెట్టకూడదు. చేప నీళ్లలో తేలుతూ బతుకుతుంది, మేకలా ఒంటి బరువు మోయక్కర్లేదు. కాబట్టి కండను పట్టి ఉంచే కొలాజెన్ తక్కువ, ఉన్నది కూడా తక్కువ వేడికే కరిగిపోతుంది. గరిటె తగిలితే ముక్క విడిపోతుంది. అందుకే అమ్మ గుడ్డతో సట్టి అంచులు పట్టుకుని అటూ ఇటూ తిప్పుతుంది. మటన్ కుక్కర్లో పెట్టి సీరియల్ చూసుకోవచ్చు. చేపను వదిలి పోలేం, దించేదాకా పక్కనే ఉండాలి.

మరుసటి రోజుకు పులుసు ఇంకా బాగుంటుందని నెల్లూరు వాళ్లు చెప్పేది నిజమే. ఉప్పు, పులుపు ముక్క లోపలికి దిగడానికి టైమ్ పడుతుంది. కానీ మా ఊరి ఎండలకు రాత్రంతా బయట ఉంచొద్దు, చల్లారగానే ఫ్రిజ్‌లో పెట్టేయండి.

ఆ రోజు అందరం సంగటి ముందు కూర్చున్నాం. శీలావతికి కండలోనే వై ఆకారంలో సన్నటి ముళ్లు ఉంటాయి. నాయన ఒక్కొక్కటే తీసి కంచం అంచున పెడుతున్నాడు. ఆయన అంత మెల్లగా తినే మనిషి కాదు. అన్నీ తీసేసి, ఆ ముక్క నా కంచంలో పెట్టాడు. అప్పటికి నాకు 26 ఏళ్లు. "ముల్లు చూసుకో" అన్నాడు. మూడు వారాల్లో నాతో అన్న మొదటి మాట అదే. ఛానల్ ఇప్పటికీ ఆయనకు పెద్దగా నచ్చలేదనుకుంటా.

ఇక్కడ ఒకటి ఒప్పుకోవాలి. చాలా రోజులు ఈ కథలో నాకు నాయనే కనిపించాడు. ఆ మే నెల ఎండలో పొయ్యి దగ్గర నిలబడింది అమ్మ. ఆమెకు మిగిలింది తలకాయ, తోక. తలకాయే ఇష్టమంటుంది. నిజమా అని ఇన్నేళ్లలో నేను అడగలేదు.

పోయిన ఆదివారం నేనే వండా. మంచి నడుమ ముక్క ఏరి అమ్మకు వేశా. తినింది, ఉప్పు తక్కువంది, ఇంకొంచెం పులుసు పోసుకుంది. తర్వాత సట్టిలోకి తొంగి చూసి, "తలకాయ యాడ పెట్టినావురా?" అంది.