రాజానా? బాలూనా? ఆర్మూరులో తెగని పంచాయితీ!

హీరోల కోసం అభిమానులు తగువులాడుకోవడం మనకేం కొత్త కాదు. కటౌటు ఎత్తు దగ్గర ఒక తగువు, పాలాభిషేకం దగ్గర ఒక తగువు, వంద రోజుల సెంటర్ల లెక్క దగ్గర ఇంకో తగువు! అవతలి హీరోని నాలుగు మాటలనేస్తే ఆ పూటకి కడుపు నిండిపోతుంది. కానీ ఇద్దరూ మనవాళ్ళే అయితే? అసలు ఇద్దరి పాటా ఒకటే అయితే? 'వీళ్ళలో ఒక్కరి కచేరీకే వెళ్ళగలవు, ఎవరో తేల్చుకో' అంటే పాపం, ఆ అభిమాని ఎవరితో తగువు పెట్టుకోవాలి?

2017లో ఆర్మూరు కుర్రాళ్ళకు సరిగ్గా ఈ చిక్కే వచ్చిపడింది. ఒకవైపు ఇళయరాజా. ఇంకోవైపు ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం. ఈ మధ్య ఆ ఊరు వెళ్ళినప్పుడు మామిడిపల్లి చౌరస్తా దగ్గర హోటల్లో మూడు చాయలు తాగేలోపు ఆ కథంతా విన్నాను. ఎనిమిదేళ్ళ నాటి సంగతిని నిన్న జరిగినట్టు చెబుతున్నారు. ఇప్పటికీ ఒకళ్ళ మాట ఒకళ్ళు ఒప్పుకోరు!

ఆర్మూరు చూడని పాఠకులకు రెండు ముక్కలు. 44వ నంబరు జాతీయ రహదారీ, 63వ నంబరు రహదారీ కలిసే చోటు అది. ఊరి పక్కన ఒకదాని మీద ఒకటి పేర్చినట్టున్న రాళ్ళగుట్టలు, వాటి నడుమ నవనాథ సిద్ధులగుట్ట. చుట్టూ పసుపు చేలు. హైదరాబాదుకు రెండొందల కిలోమీటర్లకు కాస్త తక్కువ. వెళ్ళేటప్పుడు ఆ దూరం తెలియదు. అర్ధరాత్రి కచేరీ వదిలాక తెలుస్తుంది!

పసుపు సంగతి కూడా చెప్పాలి. అది లేకుండా ఈ కథ అర్థం కాదు. జూన్లో నాటిన పంటను తవ్వేది జనవరి, ఫిబ్రవరుల్లో. తవ్వాక ఉడకబెట్టాలి, కల్లంలో రోజుల తరబడి ఎండబెట్టాలి, పాలిష్ పట్టాలి. అప్పుడు గానీ బస్తాలు నిజామాబాదు మార్కెట్ యార్డుకు వెళ్ళవు. ఇంటికి నాలుగు డబ్బులొచ్చేసరికి మార్చి, ఏప్రిల్. అంచేత ఆర్మూరు రైతుబిడ్డకు కచేరీ టిక్కెట్టు కొనడమంటే పట్నం కుర్రాడు కొన్నంత సులువు కాదు. ఏడాదికి ఒక్కటి. అదీ ఇంట్లో బాపు మొహం చూసి!

ఆ నోటీసు తెచ్చిన తంటా

ఇప్పుడు అసలు విషయం. బాలు గాయకుడై యాభై ఏళ్ళయిన సందర్భంగా కొడుకు చరణ్ 'ఎస్పీబీ 50' పేరుతో ప్రపంచ యాత్ర ఏర్పాటు చేశాడు. 2016 ఆగస్టులో టొరంటోలో మొదలైంది. రష్యా, శ్రీలంక, మలేషియా, సింగపూరు, దుబాయి తిరిగి 2017 మార్చిలో అమెరికా చేరింది. సరిగ్గా అప్పుడే రాజా తరఫు లాయర్ల నుంచి నోటీసు. నా పాటలు నా అనుమతి లేకుండా వేదిక మీద పాడకూడదు అని! బాలుకే కాదు, చరణ్‌కీ, గాయని చిత్రకీ కూడా.

బాలు ఏం చేశాడు? కోర్టుకెక్కలేదు. తనకీ చట్టం సంగతి తెలియదనీ, చట్టం అదే అయితే పాటించాల్సిందేననీ ఫేస్‌బుక్‌లో రాశాడు. దేవుడి దయవల్ల మిగతా సంగీత దర్శకుల పాటలు బోలెడున్నాయి, కార్యక్రమాలు ఆగవు అన్నాడు. ఈ విషయంలో ఎవరూ పరుషంగా మాట్లాడవద్దని అభిమానుల్ని కోరాడు కూడా. అమెరికాలో టిక్కెట్లు కొనుక్కుని కూర్చున్న మన తెలుగువాళ్ళకు రాజా పాట లేని బాలు కచేరీయే దక్కింది.

అభిమానులు ఊరుకుంటారా? 'పాట కట్టినాయనకు హక్కు లేదా?' అని ఒకరు. 'పాడినాయన గొంతు లేనిదే ఆ పాట ఎక్కడిది?' అని ఇంకొకరు. చట్టం మాటకొస్తే, బాణీ కట్టినవాడికి దాని మీద హక్కుంటుంది. పదిమంది ముందు డబ్బు పుచ్చుకుని పాడాలంటే అనుమతి తీసుకోవాలి. 2012లో కాపీరైటు చట్టానికి చేసిన సవరణ సంగీత దర్శకుడి చేతినీ, గీతరచయిత చేతినీ మరింత బలపరిచింది. రాజా అడిగినదాంట్లో న్యాయం ఉంది. కానీ అడిగింది ఎవర్ని? అక్కడే అభిమాని గుండె చివుక్కుమంది.

ఎందుకంటే వాళ్ళిద్దరి పరిచయం సినిమా స్టూడియోలో మొదలైంది కాదు, వేదిక మీద మొదలైంది! అరవైల్లో మద్రాసులో బాలుకి ఒక లైట్ మ్యూజిక్ బృందం ఉండేది. అందులో గిటారు, తర్వాత హార్మోనియం వాయించిన కుర్రాడు రాజా. తమ్ముడు గంగై అమరన్, అన్న భాస్కర్ కూడా అందులో వాళ్ళే. రాజా 'అన్నక్కిళి'తో సంగీత దర్శకుడైంది 1976లో. అంటే, ఒకప్పుడు ఊరూరా కలిసి కచేరీలు చేసిన స్నేహితులకు కచేరీ దగ్గరే పేచీ వచ్చిందన్నమాట!

ఆ స్నేహం వల్ల మనకు దక్కినవి ఒకటా రెండా! 'సాగర సంగమం' (1983)కి ఉత్తమ సంగీత దర్శకుడిగా రాజాకీ, ఉత్తమ గాయకుడిగా బాలుకీ జాతీయ అవార్డులు. 'రుద్రవీణ' (1988)కి మళ్ళీ ఇద్దరికీ! 'అభినందన', 'గీతాంజలి', 'జగదేకవీరుడు అతిలోకసుందరి'... ఆగుదాం, ఈ జాబితా మొదలెడితే పేజీ చాలదు.

నలుగురు పోయిన్రు, ఇద్దరు ఆగిన్రు

2017 నవంబరులో రాజా హైదరాబాదు వచ్చాడు. గచ్చిబౌలిలో సంగీత విభావరి. బాలు ఉండడు. ఆర్మూరు జట్టులో ఆరుగురు. అందరూ డిగ్రీ అప్పుడప్పుడే అయినవాళ్ళు. పసుపేమో ఇంకా భూమిలోనే ఉంది, చేతిలో పైసా లేదు. ఏదో అప్పో సప్పో చేసి ఒక్క కచేరీకి వెళ్ళగలరు. ఇప్పుడు రాజాకి పోదామా? లేక ఆ డబ్బు దాచుకుని, బాలు ప్రోగ్రాం పడ్డప్పుడు పోదామా?

నలుగురు రాజాకే అన్నారు. మిగతా ఇద్దరు ససేమిరా అన్నారు.

రాజా కచేరీకి వెళ్ళినాయన ఇప్పుడు టెంట్‌హౌసు, సౌండ్ సిస్టం నడుపుతున్నాడు. "ఒక్కసారి గా వయొలిన్లన్నీ కలిసి లేస్తే ఒళ్ళు జలదరించిందన్నా. మనం క్యాసెట్లల్ల ఇంటిమి, ఫోన్ల ఇంటిమి, గని గన్ని వాద్యాలు ఉన్నయని గప్పటిదాంక ఎర్కలేదు. గొంతు ఎవలదైతేంది? పాట ఆయనది!" అన్నాడు. సౌండ్ పనిలోకి దిగింది కూడా ఆ రాత్రి చూసే అంటాడు. రాజా వేదిక తీరు తెలిసినవాళ్ళకు ఈ మాట వింతగా ఉండదు. ఎక్కడో ఒక స్వరం తప్పితే అంతమంది ముందూ పాట ఆపించి, మళ్ళీ మొదటినుంచి వాయించే మనిషి ఆయన! జనం అందుకే చప్పట్లు కొడతారు. తప్పు కూడా తమ కళ్ళముందు దిద్దుకోవడం చూడ్డానికే అంత దూరం వెళతారు.

ఆగిపోయిన ఇద్దరిలో ఒకాయన పసుపు రైతు. తక్కువ మాట్లాడతాడు. "బాలు నవ్వుతడన్నా, పాట నడుమ. గది సూడాల్నని ఉండె" అన్నాడు. అంతే. అవును, బాలు కచేరీలో పాట సగం, మాట సగం. గీతరచయిత పేరు చెప్పకుండా పాట ఎత్తుకోడు. తబలా వాయించే ఆయన్నీ, ఫ్లూటు ఆయన్నీ పేరుపేరునా పరిచయం చేస్తాడు. పక్కన పాడే అమ్మాయిని ఆటపట్టిస్తాడు. 1996లో ఈటీవీలో 'పాడుతా తీయగా' మొదలైనప్పటినుంచీ తెలుగిళ్ళలో ఆయన మన మేనమామ లాంటివాడు. రాజా పాట లేకపోయినా 'శంకరాభరణం' ఉంది, 'మరో చరిత్ర' ఉంది, 'అన్నమయ్య' ఉంది. దాచిన డబ్బు ఎక్కడికి పోతుంది?

ఎక్కడికి పోయిందంటే, పసుపులోకే పోయింది. ఆ తర్వాతి రెండేళ్ళూ ధర లేదు. 2019లో క్వింటాలుకి 15 వేల రూపాయల మద్దతు ధర కావాలని రైతులు రోడ్డెక్కారు. ఆ ఏప్రిల్ ఎన్నికల్లో నిజామాబాదు లోక్‌సభ స్థానానికి 178 మంది రైతులు నిలబడ్డారు. మొత్తం అభ్యర్థులు 185 మంది! దేశమంతా నోరు వెళ్ళబెట్టి చూసింది. ఆ గొడవల్లో టిక్కెట్టు డబ్బు పసుపు తవ్విన కూలీలకు చెల్లిపోయింది.

ఆ ఏడాదే మే నెలలో రాజా, బాలు కలుసుకున్నారు. కౌగిలించుకున్న ఫోటో వస్తే జనం దాన్ని ఫోన్లలో ఎన్నిసార్లు పంపుకున్నారో! జూన్ 2న, రాజా పుట్టినరోజు నాడు, మద్రాసు ఈవీపీ ఫిల్మ్‌సిటీలో కచేరీ. ఒకే వేదిక మీద రాజా, బాలు, ఏసుదాసు. రాజానా బాలూనా అని అడగాల్సిన పనే లేని రాత్రి! కానీ ఆర్మూరు నుంచి మద్రాసు ఎక్కడ? 'హైదరాబాద్‌ల కూడ పెడుతరు, గప్పుడు ఆరుగురం పోదం' అనుకున్నారట.

2020 ఆగస్టులో బాలు కరోనాతో ఆస్పత్రిలో చేరాడు. త్వరగా లేచి రమ్మని, నీ కోసం ఎదురుచూస్తున్నానని రాజా కంటతడితో వీడియో విడుదల చేశాడు. సెప్టెంబరు 25న బాలు వెళ్ళిపోయాడు.

నన్నడిగితే ఆ ఇద్దరి పక్షమే నాది. రాజా కట్టిన బాణీని మనో పాడొచ్చు, చిత్ర పాడొచ్చు, రేపు పుట్టబోయే పిల్లాడూ పాడొచ్చు. కాగితం మీద స్వరం రాసిపెట్టి ఉంది. బాలు నవ్వుని ఎవరు రాసిపెట్టారు? ఈ మాట అక్కడ అంటే టెంట్‌హౌసు ఆయన ఒప్పుకోలేదు. "గట్లయితే నువ్వే చెప్పు, బాణీ లేకుంట నవ్వి ఏం జేస్తడు?" అన్నాడు. నా దగ్గర జవాబు లేక ఇంకో చాయ్ చెప్పాను.

అన్నట్టు, వీళ్ళెవరికీ దక్కనిది వీళ్ళ బావగారొకాయనకు దక్కింది. ఆర్మూరు చుట్టుపక్కల ఏ ఊళ్ళో చూసినా ఇంటికొకరు గల్ఫులో ఉంటారు కదా! ఆ బావ అప్పుడు దుబాయిలో పని. నోటీసు రాకముందు కాబట్టి అక్కడ బాలు రాజా పాటలు హాయిగా పాడాడు. ఫోనులో తీసుకున్నాడట. బొమ్మ కదిలిపోతోంది, వెనకెవరో గట్టిగా మాట్లాడుతున్నారు, సగంలో ఆగిపోతుంది. ఆ ముక్కని ఈ ఆరుగురూ ఎన్నిసార్లు చూశారో లెక్కలేదు. నాకూ చూపించారు.

ఇప్పటి పోట్లాట

ఇప్పుడు ఆ హోటల్లో కూర్చునే ఇంటర్, డిగ్రీ పిల్లలది వేరే పోట్లాట. రాజానా? దేవిశ్రీప్రసాదా? 2023 ఫిబ్రవరిలో రాజా మళ్ళీ గచ్చిబౌలి వచ్చాడు. 2024 అక్టోబరు 19న అదే గచ్చిబౌలి స్టేడియంలో దేవిశ్రీ దుమ్ము లేపాడు. 'పుష్ప' పాటలకు జాతీయ అవార్డు అందుకున్న ఊపు మీదున్నాడాయె! "కూసుండి ఇనేటందుకు ఇల్లు లేదా అన్నా? దేవిశ్రీ అయితే ఎగురుతడు, మనం ఎగురుతం" అంటాడొక కుర్రాడు. దేవిశ్రీ తానే రాజా భక్తుణ్ణని చెప్పుకుంటాడని గుర్తుచేస్తే, "గందుకే, ఇద్దరిని ఒక్కదిక్కు పెట్టుమనుర్రి" అన్నాడు. తెలివైనవాడు!

పక్కనున్న అమ్మాయి మాత్రం రాజా వైపే. డిగ్రీ రెండో ఏడు. 2025 మార్చి 8న లండన్‌లో రాజా తన సింఫనీ 'వేలియంట్' వినిపించాడని ఆమే నాకు తేదీతో సహా చెప్పింది. అప్పటికి ఆయనకు 81 ఏళ్ళు. "దేవిశ్రీని పదేండ్లయినంక గూడ సూడొచ్చు. బాలు విషయంల మా అన్నోళ్ళు ఆగి ఏం జేసిన్రో ఎర్కలేదా?" అంది. పసుపు రైతు తలొంచుకుని చాయ్ తాగుతున్నాడు. ఆ అన్న ఈయనే!

హోటలాయన ఇదంతా విని నవ్వుతాడు. ఈ జిల్లాకి ఇలాంటి ఆటపాటలు కొత్త కాదనీ, తెలంగాణ ధూంధాం 2002లో మొదలైంది మన కామారెడ్డిలోనే అనీ, దానికి టిక్కెట్టూ లేదు, సీటూ లేదు, ఇసుక వేస్తే రాలనంత జనం అనీ చెప్పాడు. నిజమే. కానీ పిల్లలకు గచ్చిబౌలి లైట్లే కావాలి.

"పసుపు బోర్డు అడగంగ అడగంగ 2025 జనవరిల వచ్చింది. మన దిక్కు కచేరీ మాత్రం ఇంక రాలే" అని టెంట్‌హౌసు ఆయన చమత్కరించాడు. నేను లేవబోతుంటే ఆ డిగ్రీ అమ్మాయి ఆపింది. పత్రికలో రాస్తారు కదా, ఒక్క మాట తప్పకుండా రాయమంది.

"రాజా సార్‌ది మళ్ళ హైదరాబాద్‌ల పెడితే, నవంబర్ల వద్దు, ఫిబ్రవరిల వద్దు. ఒకసారేమో పైసలుండయి, ఇంకోసారేమో పసుపు ఉడకవెట్టేది ఉంటది. ఏప్రిల్ల పెట్టుమని రాయుర్రి అన్నా. మేం ఏడుగురం వస్తం."