గోధుమ లేదు... గుడ్డూ లేదు... అయినా కేకే!

పుట్టినరోజు పార్టీ. కొవ్వొత్తులు ఊదేశారు. పిల్లలంతా ప్లేట్లు పట్టుకుని కేకు చుట్టూ మూగారు. ఒక్క పాప మాత్రం అమ్మ కొంగు పట్టుకుని దూరంగా నిలబడింది. ఆ కేకు తనకి పడదు మరి!

సీలియాక్ వ్యాధి ఉన్నవాళ్లకి గోధుమల్లో, బార్లీలో ఉండే గ్లూటెన్ అనే ప్రొటీనే శత్రువు. అది కడుపులో పడితే రోగనిరోధక వ్యవస్థ చిన్నపేగు లోపలి పొరనే దెబ్బతీస్తుంది. విరేచనాలు, రక్తహీనత, పిల్లల్లో ఎదుగుదల తగ్గడం... 1944-45 కరవులో నెదర్లాండ్స్‌లో బ్రెడ్డు దొరకని రోజుల్లో ఇలాంటి పిల్లలు కోలుకున్నారు. బ్రెడ్డు రాగానే జబ్బు తిరగబెట్టింది. విలెమ్ డికె అనే పిల్లల వైద్యుడికి గోధుమల మీద అప్పటికే ఉన్న అనుమానం అలా బలపడింది. ఇప్పటికీ గ్లూటెన్‌ని జీవితాంతం మానేయడమే అసలు చికిత్స.

దీనికి తోడు గుడ్డూ పడకపోతే? చిక్కంతా అక్కడే. బేకరీలో 'ఎగ్‌లెస్' కేకంటే సాధారణంగా మైదాదే. 'గ్లూటెన్ ఫ్రీ' కేకులేమో చాలావరకూ గుడ్ల మీదే ఆధారపడతాయి. పిండిలో పుట్టిన గాలి బుడగల్ని పట్టి ఉంచేవి ఆ రెండే కదా! రెండూ తీసేస్తే కేకు పొంగినట్టే పొంగి చతికిలపడుతుంది.

అయినా, గుడ్డూ గోధుమా లేకుండా మెత్తగా పొంగే వంట మనకేం కొత్త? ఇడ్లీ లేదూ! అక్కడ బుడగల్ని ఆపేది మినప్పప్పు జిగురు. కేకులో ఆ పని అవిసె గింజలకి అప్పగించొచ్చు. చెంచాడు పొడిని మూడు చెంచాల నీళ్లలో పది నిమిషాలు నానబెడితే ఒక గుడ్డుకి బదులు. కప్పు మెత్తటి బియ్యప్పిండి, అరకప్పు సగ్గుబియ్యం పిండి, ముప్పావు కప్పు పంచదార పొడి, చిన్న చెంచా ఇసబ్‌గోల్ పొట్టు కలిపి, రెండు గుడ్లకి సరిపడా అవిసె జిగురు, పావు కప్పు నూనె, ముప్పావు కప్పు పాలు పోసి అరగంట వదిలేయాలి. లేకపోతే తినేటప్పుడు ఇసక తగిలినట్టు ఉంటుంది. పాలూ పడనివాళ్లకి కొబ్బరిపాలు. చిన్న చెంచా బేకింగ్ పౌడర్, పావు చెంచా వంటసోడా, చెంచాడు నిమ్మరసం చివర్లోనే! 180 డిగ్రీల దగ్గర అరగంట పైనే పడుతుంది. పెద్ద గిన్నెలో నడుమ కుంగిపోతుంది. చిన్న కప్పులే నయం. చల్లారాకే కోయాలి.

ఇంతా చేసి బియ్యం పిండిమరకి పంపితే శ్రమంతా వృథా. అంతకుముందు అందులో ఆడింది గోధుమలే కావచ్చు! 'గ్లూటెన్ ఫ్రీ' అని ముద్రించాలంటే కిలోకి 20 మిల్లీగ్రాములకు మించి గ్లూటెన్ ఉండకూడదన్నది మన దేశంలో నిబంధన. మరలో మిగిలిన పిండి ఆ లెక్క చూస్తుందా? బియ్యం ఇంట్లోనే మిక్సీ పట్టుకోవాలి, జల్లెడా వేరేది ఉండాలి. బేకింగ్ పౌడర్ డబ్బా మీది అక్షరాలూ చదవాలి. పార్టీలో కారప్పూసకీ కన్నేయాలి. బజార్లో దొరికే కూటు ఇంగువలో చాలావరకూ గోధుమపిండో మైదానో ఉంటుంది.

అనుమానం రాగానే గోధుమ మాన్పించేయడం మాత్రం తొందరపాటు. మానేశాక రక్తపరీక్ష చేయిస్తే జబ్బున్నా బయటపడకపోవచ్చు. గుడ్డు ఎలర్జీ చాలామంది పిల్లల్లో వయసుతో తగ్గుతుంది. తగ్గిందా లేదా అని ఇంట్లో కొంచెం పెట్టి చూడటం ప్రమాదం, అది డాక్టర్ సమక్షంలోనే జరగాలి.

ఇక పార్టీ రోజు... కత్తి ముందు పాప కేకు మీద పడాలి, ఆ తర్వాతే మైదా కేకు మీద.