చెంగల్వ కోష్టు: అడవి సరుకు నిషిద్ధం, సాగు సరుకే శరణ్యం

మూలికల వర్తకంలో చెంగల్వ కోష్టుది చిన్న పద్దు. మిర్చి, పసుపు, ధనియాల మాదిరి లారీలకు లారీలు దిగే సరుకు కాదు. అయినా సున్నిపిండి తయారుదారులకు, ఆయుర్వేద మందుల కంపెనీలకు, ధూపద్రవ్యాల వారికి ఇది లేనిదే గడవదు. బావంచాలు, కచ్చూరాలు, తుంగముస్తెల పక్కన ఈ వేరు బస్తా కూడా వుంటేనే దుకాణం నిండుగా వున్నట్లు. ఇంత చిన్న సరుకుకు చట్టం విధించిన కట్టుదిట్టాలు మాత్రం చాలా పెద్ద సరుకులకు కూడా లేవు. పండించే రైతు మూడేళ్లు ఆగాలి, కొనే వర్తకుడు కాగితాలు చూసుకోవాలి. ఈ రెంటిలో ఏది తప్పినా సరుకు చేతికి రాదు, వచ్చినా నిలవదు.

పేరులోనే మొదటి చిక్కు వున్నది. తెలుగునాట చెంగల్వ కోష్టు అనే పేరు రెండు వేర్వేరు మొక్కలకు వాడుకలో వున్నది. ఒకటి తడి అడవుల్లో పెరిగే దుంప మొక్క. అల్లానికి దగ్గరి చుట్టం, తెల్లని పూలు పూస్తుంది. శాస్త్రజ్ఞులు దానికే కోస్టస్ అని పేరు పెట్టడంతో గందరగోళం మరింత ముదిరింది. రెండవది అసలు సరుకు: సంస్కృత వైద్య గ్రంథాల్లోని కుష్ఠం, ఉత్తరాది వర్తకుల కుఠ్. ఇది బంతి, చేమంతి, పొద్దుతిరుగుడు కుటుంబానికి చెందిన మొక్క. శాస్త్రనామం సాసూరియా కోస్టస్. పాత పుస్తకాల్లో సాసూరియా లప్పా అని, చైనా కాగితాల్లో ఆక్లాండియా అని కనిపిస్తుంది. మూడు పేర్లూ ఒక్క సరుకువే. కనుక పై వూరి ఆసామికి ఉత్తరం రాసేటప్పుడు ఉత్త "కోష్టు" అని రాసి వూరుకుంటే ఏ బస్తా దిగుతుందో చెప్పలేము. కుఠ్ వేరు అని, పక్కన శాస్త్రనామం కూడా రాయడం క్షేమం. దుంప మొక్క ధర వేరు, గుణం వేరు, చట్టం కూడా వేరు.

అసలు కుఠ్ తెలుగు నేలలో పండదు. కాశ్మీరు, కిష్త్‌వాడ్ ప్రాంతాల హిమాలయ లోయల్లో సుమారు 2,500 నుంచి 3,500 మీటర్ల ఎత్తున ఇది పుట్టింది. నిలువెత్తు మొక్క, అడుగున గజం పొడుగు ఆకులు, కొసన ముదురు ఊదా రంగు పూల గుత్తులు. వర్తకానికి పనికివచ్చేది వేరు. ఈ వేరు వ్యాపారం కొత్తది కాదు. క్రీస్తు శకం మొదటి శతాబ్దంలో ఒక గ్రీకు నావికుడు రాసిన పెరిప్లస్ అనే వర్తక గ్రంథంలో సింధునది ముఖద్వారం నుంచి, భరుకచ్ఛం నుంచి ఓడలకు ఎక్కే సరుకుల్లో ఇది కూడా వున్నది. తరువాతి కాలంలో కాశ్మీరు శాలువల మూటల్లో పురుగు పట్టకుండా ఈ వేరు ముక్కలు పెట్టేవారు. చైనాలో దేవుని ముందు వెలిగించే ధూపానికీ, మందులకూ కలకత్తా మీదుగా ఎగుమతి సాగింది. గ్వాంగ్‌జౌ రేవులో దిగే సరుకు కావడంతో అక్కడి వర్తకులు దాన్ని ఆ రేవు పేరుతోనే పిలిచారు. కాశ్మీరు దర్బారు ఈ వ్యాపారాన్ని తన గుత్తకు తీసుకుని, 1921లో ప్రత్యేకంగా కుఠ్ చట్టమే చేసింది.

ఆ గిరాకీయే మొక్క కొంప ముంచింది. ఆకుకో, కాయకో గిరాకీ వుంటే కోసిన తరువాత కూడా మొక్క మిగులుతుంది. ఇక్కడ కావలసినది వేరు. వేరు తవ్వితే మొక్క చచ్చినట్లే. అందులోనూ విత్తనం రాలకముందే తవ్వేస్తే ఆ చోట మళ్లీ మొలిచేది లేదు. కొండల్లో కుఠ్ కనుమరుగైపోయింది. ప్రపంచ ప్రకృతి సంరక్షణ సంఘం దీన్ని అంతరించిపోయే ప్రమాదం తీవ్రంగా వున్న జాతుల పట్టికలో చేర్చింది. అరుదైన జీవజాతుల అంతర్జాతీయ వర్తకాన్ని అదుపు చేసే సైటిస్ ఒప్పందంలో 1975లో రెండవ అనుబంధంలో వున్న ఈ మొక్కను 1985లో అన్నిటికన్నా కఠినమైన మొదటి అనుబంధానికి మార్చారు.

అడవిలో పోయిన మొక్క పొలంలో బతికింది. హిమాచల్ ప్రదేశ్‌లోని లాహౌల్ లోయ రైతులు 1920, 30 దశకాల్లో కాశ్మీరు వైపు నుంచి వచ్చిన విత్తనంతో సాగు మొదలుపెట్టారు. చంద్ర, భాగ నదులు తాండి వద్ద కలిసి చంద్రభాగగా మారే ప్రాంతం అది. వాన తక్కువ, మంచు ఎక్కువ. మంచుగడ్డల నీటిని కాలువలు తవ్వి పొలాలకు మళ్లించుకోవాలి. తిండిగింజలు తప్ప ఎరుగని ఆ కొండ పల్లెల్లో రొక్కం కళ్లజూపిన తొలి పంటల్లో కుఠ్ ఒకటి. చైనాకు ఎగుమతి బాగా నడిచిన రోజుల్లో లాహౌల్ కుటుంబాలు దీని మీద బాగా గడించాయి. ఆ తరువాత చైనా మార్కెట్ మూసుకుపోయి ధర కుప్పకూలింది. దీనికి రెండు కారణాలు. ఒకటి రాజకీయం. రెండవది వర్తకులు గుర్తుంచుకోవలసినది: 1930 దశకంలోనే విత్తనం భారతదేశం నుంచి చైనాలోని యున్నాన్‌కు చేరింది. నిన్నటి కొనుగోలుదారు తానే పండించడం మొదలుపెట్టాడు. నేడు ఈ వేరు అధికంగా పండేది అక్కడే.

సాగు విషయానికి వస్తే, ఇది తొందరపడే రైతుకు పనికివచ్చే పంట కాదు. వేరు లోతుకు దిగాలి కనుక నేల గుల్లగా, లోతుగా, సారవంతంగా వుండాలి. తేమ వుండాలి గాని నీరు నిలవరాదు. నీరు నిలిస్తే వేరు కుళ్లుతుంది.  మంచు పడకముందు, శరదృతువులో చల్లి వదిలే పద్ధతి వున్నది. శీతాకాలమంతా మంచు కింద వున్న గింజ వసంతంలో మొలుస్తుంది. మంచు కరిగిన తరువాత విత్తే వారూ వున్నారు. గింజ తాజాది కావాలి. నిల్వ గింజ మొలక తక్కువ.

మొదటి ఏడాది నేలకు అంటుకున్న ఆకులు తప్ప మరేమీ కనిపించదు. ఆ ఏడే కలుపు పోటీ ఎక్కువ. అప్పుడు అశ్రద్ధ చేసిన పొలం తరువాత కోలుకోదు. వత్తుగా మొలిచిన చోట పలచన చేయాలి, లేకుంటే వేళ్లు సన్నబడిపోతాయి. చలి రాగానే పైభాగమంతా ఎండిపోతుంది. కొత్తవాడు చూస్తే పంట చచ్చిందనే అనుకుంటాడు. వేరు మాత్రం మంచు కింద నిద్రపోయి వసంతంలో మళ్లీ చిగురిస్తుంది. మొక్క ముదిరాక పూత వస్తుంది. జూలై, ఆగస్టుల్లో పూసి, సెప్టెంబరు నాటికి గింజ పండుతుంది. గింజకు దూదిపింజ లాంటి కుచ్చు వుండడం వల్ల గాలి వీస్తే ఎగిరిపోతుంది. పిట్టల బెడద సరేసరి. వచ్చే పంటకు విత్తనం కావాలనుకున్న రైతు పూల తలలు పూర్తిగా విచ్చకముందే కోసి ఆరబెట్టుకోవాలి.

మూడవ ఏడు ఆకు పసుపుబారాక, సెప్టెంబరు, అక్టోబరుల్లో తవ్వకం. వేరు మూరెడుకు పైగా దిగుతుంది గనుక గునపంతో జాగ్రత్తగా తీయాలి. విరిగిన వేరు నేలలో వుండిపోతే ఆ మేరకు తూకం పోయినట్లే. ఆకులు పశువుల మేతకు, ఎండిన కాడలు పొయ్యిలోకి పనికివస్తాయి. వేళ్ల మన్ను దులిపి, మూడు నాలుగు అంగుళాల ముక్కలు చేసి ఎండబెడతారు. ఈ ఎండబెట్టడంలోనే నాణ్యం తేలుతుంది. పైకి ఎండినట్లుండి లోపల తడి మిగిలితే బస్తాలో బూజు పడుతుంది. బాగా ముదిరిన వేరుకు నడిమి భాగం బోలుపడుతుంది.

ఇక లెక్క. లాహౌల్ రైతుకు ఏడాదికి ఒక్కటే పంటకాలం. అదే పొలంలో బఠాణీ వేసినా, కాలీఫ్లవర్ వేసినా, బంగాళాదుంప విత్తనం వేసినా ఆ వేసవిలోనే డబ్బు చేతికి వస్తుంది. కుఠ్ వేస్తే మూడు వేసవులు ఆ చెక్క కదలదు. 2020 అక్టోబరులో రోహ్తాంగ్ కనుమ కింద 9 కిలోమీటర్ల అటల్ సొరంగం తెరిచారు. అంతకుముందు కనుమ మంచుతో మూసుకుంటే నెలల తరబడి సరుకు కదిలేది కాదు. పాడైపోని ఎండువేరుకు అదొక అనుకూలత. కనుమ తెరిచేదాకా ఇంట్లో వుంచుకున్నా నష్టం లేదు. ఇప్పుడు పచ్చి కూరలు లారీల్లో సులువుగా మైదానాలకు దిగుతున్నాయి. దారి మెరుగుపడడం కుఠ్‌కు మేలు చేయవలసింది పోయి, పోటీ పంటలకు ఎక్కువ మేలు చేసిందనడం తప్పు కాదు.

ఇక్కడే వర్తకుల పొరపాటు ఒకటి వున్నది. ధర తగ్గించి కొన్న ఏడాది నష్టం కనబడదు, ఎందుకంటే పొలాల్లో ముందే వేసిన పంట ఎలాగూ తవ్వకానికి వస్తుంది. రైతు విత్తనం చల్లడం మానేసిన సంగతి మూడేళ్లకు గాని మండీకి తెలియదు. అప్పుడు తేజీ వస్తుంది. తేజీ చూసి రైతులు మళ్లీ చల్లితే అది చేతికి రావడానికి మరో మూడేళ్లు. మిర్చికి ఒక సాలు తప్పితే మరుసటి సాలు సర్దుకుంటుంది, దీనికి అలాంటి వెసులుబాటు లేదు. ఉత్తరాఖండ్‌లోని చమోలీ జిల్లా కొండల్లో కూడా సాగు వున్నది గాని అక్కడి రైతుకూ ఇదే లెక్క.

సరుకు తగ్గినప్పుడు కల్తీ పెరగడం అన్ని మండీల్లోనూ వున్నదే. కుఠ్‌లో ఎక్కువగా కలిసేది పుష్కరమూలం. అది కూడా చేమంతి కుటుంబపు వేరే, లాహౌల్‌లోనే పండుతుంది, ముక్కలు చేశాక చూపులో తేడా పట్టడం కష్టం. నిజమైన కుఠ్ ముక్క బూడిద, పసుపు కలిసిన రంగులో వుండి, విరిస్తే పుటుక్కున విరుగుతుంది. వాసన ఘాటుగా వుండి చేతికి అంటుకుని వుంటుంది. కొందరికి అది సువాసన, కొందరికి తడిసిన గొర్రె వాసన. పుష్కరమూలం కలిస్తే ధరలో మోసం, అంతవరకే. అంతకన్నా ప్రమాదమైనది మరొకటి వున్నది. చైనా మందుల వర్తకంలో కుఠ్ పేరుకు దగ్గరి పేరుతో చలామణి అయిన ఒక ఈశ్వరి జాతి వేరు మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. చైనా ప్రభుత్వమే 2004లో దాని వాడకం రద్దు చేసింది. దిగుమతి సరుకును వాసన చూసి కొనడం చాలదు. ప్రయోగశాల పరీక్ష చీటీ అడగాలి.

ఇక చట్టం. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 1991లో చేసిన సవరణ ఆరు రకాల మొక్కలను ప్రత్యేక రక్షణ కిందకు తెచ్చింది. వాటిలో కుఠ్ ఒకటి. అడవి నుంచి తవ్వడం నేరం. సాగు చేయడానికి లైసెన్సు, వ్యాపారం చేయడానికి లైసెన్సు కావాలి; వర్తకుడు లైసెన్సు వున్న వారి వద్దనే కొనాలి. 2022 సవరణలో షెడ్యూళ్ల అమరిక మారినందువల్ల పాత కాగితాల్లోని షెడ్యూలు సంఖ్య చూసి సరిపెట్టుకోకుండా అటవీ శాఖలో సరిచూసుకోవడం మంచిది. ఎగుమతికి సాగు సరుకేనని ధ్రువపత్రం, దానితోపాటు సైటిస్ అనుమతి కావాలి. కృత్రిమంగా పెంచిన మొక్కలను ఆ ఒప్పందం రెండవ అనుబంధపు సరుకుగా చూస్తుంది కనుక ఆ దారి తెరిచే వున్నది.

మన వారు తరచు మరిచిపోయేది పొడి సంగతి. ఒప్పందం వేరుకే పరిమితం కాదు. దాని పొడి, నూనె, అది కలిసిన మందు కూడా దాని పరిధిలోకే వస్తాయి. అమెరికా, ఐరోపాల్లోని తెలుగు వారికి సున్నిపిండి పొట్లాలు కట్టి పంపే చిన్న తయారుదారులు అందులో చెంగల్వ కోష్టు వున్నదని పైన అచ్చు వేసి, అనుమతి లేకుండా పంపితే రేవులో ఆగిపోతుంది. నూనెకైతే మరో అడ్డంకి. చర్మానికి దురద, దద్దుర్లు తెప్పిస్తుందని అంతర్జాతీయ సువాసన ద్రవ్యాల సంఘం అత్తర్లలో దీన్ని నిషేధించింది. ఐరోపా సౌందర్య సాధనాల నిబంధనల్లోనూ ఇది నిషిద్ధ జాబితాలోనే వున్నది. ఒకప్పుడు అత్తరు కంపెనీలు ఇచ్చిన గిరాకీ ఇక తిరిగి వస్తుందనుకోవడం వృథా. ఈ సరుకుకు మిగిలిన బలం మందులు, ధూపం, దేశవాళీ వాడకం.

కొత్త సరుకు తవ్వకం అక్టోబరుతో ముగుస్తుంది. ఎండి, సంచుల్లోకి ఎక్కి అమృతసర్, ఢిల్లీ ఖారీ బావ్‌లీ మండీలకు దిగడానికి మరికొంత వ్యవధి పడుతుంది. రైతు వచ్చే విత్తనం చల్లాలో, ఆ చెక్కను బఠాణీకి వదలాలో తేల్చుకునేదీ ఆ రోజుల్లోనే. స్థిరంగా సరుకు కావలసిన మందుల కంపెనీలు, పెద్ద టోకు వర్తకులు మాట ఇచ్చి అడ్వాన్సు కట్టదలిస్తే మంచు పడకముందే కట్టాలి. మంచు పడ్డాక ఇచ్చిన అడ్వాన్సు వసంతంలో విత్తే కొద్దిమందికే పనికివస్తుంది.